నా పుట్టువెంట్రుకల క్యారేజీ

"చిరంజీవి రామునాయుడు పుట్టువెంట్రుకల సందర్భంగా... మేనమామ కానుక... సింహాచలం."

తొమ్మిదో తరగతి గదిలో మధ్యాహ్నం బెల్లు కొట్టాక, కిరణ్ బెంచీ ఎక్కి నిలబడి, స్టీలు క్యారేజీ మూతని కిటికీ వెలుతురుకి పట్టుకుని ఈ శాసనాన్ని చదివాడు. ఆ రామునాయుణ్ణి నేనే. ఆ క్యారేజీ నాదే. అది దొరికింది మాత్రం నా సంచిలో కాదు. ఇన్నేళ్ల విలేకరి ఉద్యోగంలో ఎన్నో నేరాలు రాశాను గానీ, ఇంత శ్రద్ధగా తన్ను తానే పట్టిచ్చిన ముద్దాయిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఘోరం ఎలా జరిగిందో నిదానంగా చెప్తాను. పరువు ఎలాగూ పోయింది కదా, ఇక తొందరేముంది?

నాన్నకి పోర్టులో క్రేన్ నడిపే ఉద్యోగం రావడంతో ఎస్.కోట వైపు పల్లె నుంచి మేం విశాఖ వచ్చేశాం. కొత్త బడిలో మొదటిరోజు లేచి నిలబడి, "నాను రామునాయుణ్ణండి" అన్నాను. వెనక బెంచీ మొత్తం పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి నాయకుడు కిరణ్. జెల్ రాసిన జుట్టు, మడిచిన చొక్కా చేతులు. వాడు నవ్వమంటే క్లాసు నవ్వేది, ఆపమంటే ఆపేది. వారం తిరిగేసరికి నేను "నాను" మానేసి "నేను" పట్టాను. నెల తిరిగేసరికి రామునాయుడు "రామ్" అయ్యాడు. అందుకు బహుమతిగా వెనక బెంచీ చివర సగం చోటు దొరికింది. మిగతా సగం గాల్లోనే ఉండేది. అయినా ఆ సగం కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి.

కిరణ్ రోజూ ఒక పరీక్ష పెట్టేవాడు. లెక్కల పరీక్ష దాని ముందు దిగదుడుపు. మధ్యాహ్నం ఒక్కొక్కడి క్యారేజీ మూత తీయించి, ముక్కు దగ్గర పెట్టుకుని, కస్టమ్స్ ఆఫీసరులా కళ్లు మూసుకునేవాడు. చేపల వాసన తగిలిందా, ఆ క్యారేజీ వాడు బయట కుళాయి దగ్గర ఒంటరిగా తినాలి. జాలరిపేట ఎల్లాజీది అక్కడ శాశ్వత సభ్యత్వం. నిజానికి వాడు చేపలు తేవడం ఎప్పుడో మానేశాడు. రోజూ బంగాళాదుంప వేపుడే. అయినా కిరణ్ ముక్కుకి బంగాళాదుంపలోనూ చేపే తగిలేది.

"ఒరేయ్ సేపా, గాలికి అడ్డంగా కూర్చోకురా!"

అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. కొత్తగా చేరిన సెక్యూరిటీ గార్డు ఈల ఊదినట్టు, అవసరానికి మించి నవ్వేవాణ్ణి. సముద్రం మీద బతికే ఇంటి పిల్లాడు ఏడాది పొడుగునా బంగాళాదుంపలు ఎందుకు తింటున్నాడో ఆలోచించే తీరిక నాకు ఉండేది కాదు.

ఇంతలో ఊరి నుంచి నాన్నమ్మ వచ్చింది.

"ఏటి తీసుకెల్తన్నావురా బడికి?"

"పెరుగన్నం."

"పెరుగన్నం తినీసి నువ్వెలాగ ఎదుగుతావురా? ఎండురొయ్యలు లేకపోతే ముద్ద దిగీది కాదు నీకు. ఏటైపోనాది?"

"అక్కడ ఎవరూ తినరే నాన్నమ్మా."

"సముద్రం పక్కన కూకుని రొయ్యలు తిన్రా? ఆల్లేటి మనుసులురా!"

మర్నాడు పొద్దున సంచి బరువుగా అనిపించింది. వీధి మలుపు తిరిగేసరికి సంగతి తెలిసిపోయింది. వంకాయ, ఎండురొయ్యలు. వాసన ముందు నడుస్తుంటే, దాని వెనక నేను నడుస్తున్నాను. దారినపోయే కుక్క ఒకటి నన్ను మనసారా గౌరవించి బడి గేటు దాకా సాగనంపింది.

పారేద్దామంటే నాన్నమ్మ చేతి కూర. తినేద్దామంటే ప్రార్థన బెల్లు. ఖాళీ తరగతి గదిలో నా బుర్ర అద్భుతంగా పనిచేసింది. ఎండురొయ్యలు దొరికితే ఎవరి దగ్గర దొరకాలి? ఎల్లాజీ దగ్గర. పెద్ద విచారణ కూడా ఉండదు. క్యారేజీని వాడి సంచిలో పెట్టేసి, ప్రార్థనలో అందరికంటే గట్టిగా పాడాను.

పాఠకులారా, ఇక్కడ ఒక్క మాట. మా ఇంట్లో పేరు లేని గిన్నె లేదు. గ్లాసు మీద అత్తయ్య పెళ్లి, పళ్లెం మీద పెదనాన్న గృహప్రవేశం, గరిటె మీద కూడా ఎవరిదో జ్ఞాపకం. చుక్కలు చుక్కలుగా చెక్కించిన ఆ పేర్లని చదవడం మా ఇంటిల్లిపాదీ ఎప్పుడో మానేశాం. నేనూ చదవలేదు.

మధ్యాహ్నం కిరణ్ ముక్కు నేరుగా ఎల్లాజీ సంచి దగ్గరికి వెళ్లింది.

"రెండు క్యారేజీలేంట్రా సేపా? ఒకటి నీకు, ఒకటి పిల్లికా?"

"అది నాది కాదు."

"నీది కాకపోతే నాదా?"

"మూత మీద పేరుంది. సదువుకో."

తర్వాత జరిగింది మీకు తెలుసు.

"రామ్ అంటే రామునాయుడే కదా?" కిరణ్ బెంచీ దిగాడు. "నీ క్యారేజీ వీడి సంచిలో ఎందుకుందిరా?"

నోరు తెరిచాను. నెలల తరబడి తొక్కిపెట్టిన యాసంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. "నాను... నాను... ఏటంటే..."

ఎల్లాజీ లేచాడు. కిరణ్ చేతిలోంచి మూత లాక్కున్నాడు.

"నానే తెమ్మన్నాను. బంగాళాదుంపలు తిని తిని నోరు సచ్చిపోనాది. ఇప్పుడేటంటావు?" తర్వాత నా వైపు తిరిగి, "రా బావా, తిందుం" అన్నాడు.

వాడి వెనకే కుళాయి దగ్గరికి నడిచాను. సగం బెంచీ అక్కడితో పోయింది. ఎల్లాజీ ఒక ముద్ద తిని, "ఉప్పు సాల్లేదు" అని తీర్పిచ్చి, గిన్నె ఖాళీ చేశాడు. కిరణ్ కిటికీలోంచి రెండుసార్లు చూశాడు. అది కోపం కాదు, ఆకలి అని నా అనుమానం.

ఆ రోజు నుంచి నా పేరు పుట్టువెంట్రుకలు. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ అదే. నా తల మీద ఆ పేరుకి సాక్ష్యాలు దాదాపు ఖాళీ అయ్యాయి, అది వేరే సంగతి.

అందుచేత సింహాచలం కొండ వైపు తిరిగి, మిగిలిన ఆ కాసిని వెంట్రుకల మీద ప్రమాణం చేస్తున్నాను: నా కూడు ఇంకొకడి సంచిలో ఈ జన్మలో మళ్లీ దాచను. తప్పనిసరై దాచాల్సి వస్తే, ముందు మూత చదువుతాను.

క్యారేజీ ఇంకా ఎల్లాజీ ఇంట్లోనే ఉంది. కలిసినప్పుడల్లా, "రేపు తెత్తాన్లే బావా" అంటాడు. అది తన సంచిలోకి ఎలా వచ్చిందని మాత్రం ఈరోజు వరకూ అడగలేదు.