అదుపులో ఉన్న జబ్బు

1978లో నేను నంద్యాలలో, మాజీ సైనికుల అర్జీలు చూసే చిన్న ఆఫీసులో గుమాస్తాను. బి.ఏ. చదివిన పాపానికి ఇంగ్లీషు అర్జీలన్నీ నాకే వచ్చేవి.

ఒకరోజు ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి దేవదానం వచ్చాడు. సైన్యంలో ఉండగా మూర్ఛరోగం పట్టుకుంటే, వైకల్య పింఛను ఇచ్చి ఇంటికి పంపారు. అది నిలవాలంటే కొన్నేళ్లకోసారి మెడికల్ బోర్డు, అంటే ముగ్గురు డాక్టర్లు, పరీక్షించి వైకల్యం ఇరవై శాతం కన్నా తగ్గలేదని రాయాలి. ఈసారి తగ్గిందని రాశారు. పింఛను ఆగింది.

"బోర్డులో ఏమడిగిరి?"

"ఎట్లుండావని అడిగిరి సార్. ఠీక్ హై సాబ్ అంటి."

"ఎందుకట్లంటివి?"

"ఆఫీసర్ అడిగితే ఇంగేమంటారు సార్?"

సైన్యం శిక్షణ గట్టిదే.

అప్పీలు రాశాను. మాత్రలు మింగుతున్నందుకే మూర్ఛ రావడం లేదు, ఆ మాత్రల మగతతో మడక పట్టి దున్నలేడు, కూలికి ఎవరూ పిలవరు అని. మూడు పేజీలకు రెండు వాక్యాల జవాబొచ్చింది. జబ్బు మందులతో అదుపులో ఉంది. కావాలంటే మళ్లీ బోర్డుకు రావచ్చు.

"నువ్వు మాత్రలు మానేసి, వాళ్ల ముందర గిలగిలా కొట్టుకోనింటే ఇచ్చిండేవాళ్లప్పా," అన్నాను నవ్వుతూ.

దేవదానం నవ్వలేదు. "సరే సార్" అని వెళ్లిపోయాడు. నా హాస్యం అందరికీ ఎక్కదని సరిపెట్టుకున్నాను.

రెండు నెలల తర్వాత భార్య సుగుణమ్మతో వచ్చాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కాలి, వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. బోర్డుకు వారం ముందు మాత్రలు మానేశాడట. బయల్దేరే పొద్దున నీళ్లపొయ్యి దగ్గర మూర్ఛ వచ్చింది. కట్టుతోనే బోర్డుకు పోయాడు.

"నువ్వు చెప్పినావంట కదన్నా," అంది సుగుణమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "వద్దంటే ఇన్లేదు. సార్‌కు తెలీదా అనె."

తమాషాకన్నానని చెప్పబోయి, ఆ చెయ్యి చూసి, సుగుణమ్మ తెచ్చిన కాగితం అందుకున్నాను.

దాని ప్రకారం, జబ్బు అదుపు తప్పింది కనుక పింఛను తిరిగి వచ్చింది. చెయ్యి కాలడం మాత్రం సైనిక సేవ వల్ల కాదు కనుక లెక్కలోకి రాదు. దాని మీద అప్పీలు రాయమని మొగుడూ పెళ్లాం అడిగారు. ఫారంలో ప్రమాదానికి కారణం అన్నచోట మూర్ఛ అని రాశాను. మూర్ఛ ఎందుకొచ్చిందో ఫారం అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ అప్పీలు నెగ్గలేదు.

బల్లకు ఈవైపు కూర్చున్నవాడు నవ్వుతూ అన్న మాట, ఆవైపు నిలబడ్డవాడికి ఉత్తర్వు. నాకా సంగతి తెలియడానికి దేవదానం కుడిచెయ్యి పోవలసి వచ్చింది.