పేరా మొదట వదిలిన జాగా

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ ఊపిరాడనంత పని ఉండేది. ఇంజనీరింగ్ పూర్తిచేసి, దమ్మపేటలో మా ఇంటి వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఉచితంగా తయారుచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో వాడుక పుస్తకం రాస్తుండేవాణ్ణి. ఫోన్‌లో నొక్కితే తోటలో డ్రిప్పు వాల్వులు తెరుచుకుని మూసుకునే సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. (జీతం ఎవరికీ రాదు. ఈ సంగతి ఇంట్లో కొంచెం ఆలస్యంగా చెప్పాను.) దాన్ని మార్క్‌డౌన్ అనే పద్ధతిలో రాయాలి. లైను ముందు హ్యాష్ గుర్తు పెడితే శీర్షిక అవుతుంది, మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే అక్షరాలు లావెక్కుతాయి. ఆ రెండూ నేర్చుకుని, నాకు కొత్త భాష వచ్చిందని బంధువులందరికీ చెప్పుకున్నాను.

నాన్న హైస్కూల్లో తెలుగు పండితుడు. ఒకరోజు నా స్క్రీన్‌లోకి తొంగిచూసి, "ఏందిరా ఇది, పేరా మొదలు జాగా ఏది?" అన్నాడు. పిల్లల నోటుపుస్తకాల్లో ఆయన ఎర్ర సిరా అక్షరదోషాల కంటే ఆ జాగా కోసమే ఎక్కువ ఖర్చయ్యేది. "రెండు వేళ్ల జాగా వదలాలె. చదివేటోడు ఊపిరి తీసుకోవద్దా?" అని, జాగ్రత్తల పేజీ తనే చెప్పి నాచేత రాయించాడు. "ఫిల్టరు కడుగునపుడు వాల్వులన్నియు మూయవలెను, అయితే అంతకుముందే మోటారు ఆపవలెను." రెండు వేళ్ల జాగాకు నేను నాలుగు ఖాళీలు కొట్టాను. పేజీ వెబ్‌సైట్‌లోకి ఎక్కాక చూస్తే ఆ వాక్యం బూడిదరంగు పెట్టెలో దర్జాగా కూర్చుని ఉంది. జాగ్రత్తలకు ప్రాజెక్టువాళ్లు ప్రత్యేక మర్యాద చేశారనుకున్నాం ఇద్దరమూ. నాన్న స్టాఫ్‌రూములో కనబడ్డవాళ్లందరికీ దాన్ని చూపించాడు.

మా బాబాయికి ములకలపల్లి దారిలో పామాయిల్ తోట ఉంది. ఏదో కంపెనీవాళ్లు ఇదే పనికి మిషను అమ్మబోతే, "మా అన్న కొడుకే రాసిండు, మాకు మీరెందుకు?" అని పంపించి, మా సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండా ఫిల్టరు దగ్గర నిలబడి, ఫోన్‌లో నా పేజీ తెరిచి, మోటారు నడుస్తుండగానే వాల్వులన్నీ మూశాడు. నీళ్లకు పోయే దారి లేక ఫిల్టరు మూత ఎగిరి వచ్చి ఆయన కుడి మణికట్టు విరగ్గొట్టింది.

దవాఖానాలో మంచం మీద కూర్చుని, "నువ్వు రాసినట్టే చేసిన గదరా" అన్నాడు. ఫోన్ తీసుకుని చూశాను. వాక్యం "మూయవలెను" దగ్గర ఆగిపోయింది. వేలితో పెట్టెను పక్కకు లాగితే, అప్పుడు తీరిగ్గా మోటారు సంగతి బయటికొచ్చింది. బాబాయి కట్టు కట్టిన చేతిని చూసుకుని, "పక్కకు గుంజాల్నని ఏడ రాసినవ్ రా?" అన్నాడు. పిన్ని నవ్వలేదు.

మార్క్‌డౌన్‌లో లైను ముందు నాలుగు ఖాళీలు వదిలితే, అది మనుషుల మాట కాదు, ప్రోగ్రాం ముక్క అని లెక్క. ఎంత పొడవున్నా మడవకుండా ఒకే లైనులో పెట్టెలో ఉంచేస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో పూర్తిగా పట్టింది, బాబాయి ఫోన్‌లో పట్టలేదు. ఇదంతా ప్రాజెక్టు సూచనల మొదటి పేజీలోనే ఉంది, ఫోన్‌లో కూడా చూసుకోమనే మాటతో సహా. (రాసేవాడు చదవనక్కర్లేదని అప్పట్లో నా అభిప్రాయం.)

"ఎందుకు గట్లయింది?" అని నాన్న అడిగాడు. నిజం చెప్పడానికి ఒక్క ముక్క చాలు, నేను చూసుకోలేదని. కానీ నా నోట్లోంచి, "నువ్వే గదా జాగా వదలమన్నవ్! నీ జాగాతోనే అయిందిదంతా" అని వచ్చింది. పిన్నీ, బాబాయీ, నాన్నను బండి మీద తీసుకొచ్చిన లెక్కల సారూ ఒకేసారి ఆయన వైపు తిరిగారు. నాన్న ఫోన్ అందుకుని, ఆ పెట్టెను తనూ ఒకసారి పక్కకు లాగి చూసి, "అవ్, నేనే వదలమన్న" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను ఇంకోటి చేయలేదు.

ఆ రాత్రే ప్రాజెక్టువాళ్లకు పేజీలో తప్పుందని రాశాను. మర్నాడు ఏ దేశంలోనో ఒకతను ఆ నాలుగు ఖాళీలూ చెరిపేసి, చెప్పినందుకు నాకు థాంక్స్ రాశాడు. బాబాయి చేయి అతుక్కుంది గానీ కొంచెం వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ అన్నం ముద్ద కలిపేటప్పుడు మొహం చిట్లిస్తాడు. నాకేమో ఇదే రాత మీద ఖమ్మంలో జీతమొచ్చే ఉద్యోగం దొరికింది. ప్రతి పేజీనీ ఫోన్‌లో చూడందే వదలనని ఆఫీసులో మంచి పేరు కూడా ఉంది. అది ఎందుకన్నది మాత్రం అక్కడ ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఇంటికి వెళ్తే, నాన్న కరెంటాఫీసుకు దరఖాస్తు రాసి ఒకసారి చూడమని ఇచ్చాడు. అవే గుండ్రటి అక్షరాలు, ఒక్క దోషం లేదు. కానీ ప్రతి పేరా అంచుకు ఆనించి మొదలుపెట్టి ఉంది.

"జాగా వదల్లేదేంది నాన్నా?"

"ఇప్పుడట్ల వదలొద్దట గదా" అన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటూ.

కాగితం మీద ఎంతైనా వదలొచ్చని, ఆ రోజు తప్పు నాదని చెబుదామని నోరు తెరిచాను. "బాగుంది నాన్నా" అని మాత్రం అని, కాగితం మడిచి ఇచ్చేశాను. దవాఖానాలో తప్పెవరిదో అంత జల్దీగా తేల్చిపారేసిన ఆ తెలివైనవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాకపోతే ఆ నవ్వు నాన్న చూడకుండా నవ్వుకోవాలి.