అరచేతి తూకం వేసి కొన్న పవర్ సప్లై

కిందటి నెలలో మా పై అంతస్తులో ఉండే అమ్మాయి, తన గేమింగ్ కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసుకున్నాననీ, దానికి తగిన పవర్ సప్లైని కూడా తనే ఎంచుకున్నాననీ, ఇక గోడలోని ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో మీరొక్కసారి చూసిపెట్టాలనీ అడగడానికి మా ఇంటికి వచ్చింది. ఎంచుకున్నదేదో చూపించమ్మా అంటే తన ఫోను నా చేతికిచ్చింది. అందులో ఆ పవర్ సప్లైని ఎవరో మూత విప్పి, లోపలి భాగాలన్నింటినీ దగ్గరగా ఫోటోలు తీసి, ఎంత లోడు దగ్గర ఎంత వోల్టేజి నిలబడిందో పట్టికలు గీసి పెట్టారు. పట్టికలు చదవడానికి నాకు రెండు నిమిషాలు చాలు. కానీ ఆ ఇనుప పెట్టె అడుగు భాగం కనిపిస్తున్న ఒక్క ఫోటో దగ్గర మాత్రం నేను అవసరానికి మించి ఆగిపోయాను. అక్కడ ఉండవలసిన సర్క్యూటు పలక తప్ప మరేమీ లేదు. "ఏంది అంకుల్, ఏమన్న ప్రాబ్లమా?" అని ఆ అమ్మాయి అడిగింది. ఏమీ లేదని చెప్పి, ఎర్తింగ్ పరీక్షించి వచ్చాను గానీ ఆ రోజంతా మరే పనీ చేతికి రాలేదు.

నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. సంగారెడ్డి చుట్టుపక్కల పొలాల మోటార్లకు మూడు ఫేజుల కరెంటు ఇచ్చే వేళల్లో మన ఇళ్ళల్లో వోల్టేజి నూట అరవైకి పడిపోయేది, మోటార్లు ఆగగానే రెండువందల అరవైకి ఎగబాకేది, ఏ ఇంటి గోడకు చూసినా ఒక స్టెబిలైజరు వేలాడుతుండేది. మా గోడకున్నది నేను స్వయంగా చుట్టి చేసినది. నేను పటాన్‌చెరువులోని ఒక ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో టెస్టింగు విభాగంలో ఇంజనీరును. సంగారెడ్డిలో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో నేనూ, నాకన్న ఆరేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడూ మా కుటుంబాలతో ఉండేవాళ్ళం.

మా తమ్ముడికి సైకిలు మొదలుకొని చదువు దాకా ఏది ఎంచుకోవాలన్నా నన్ను అడగడం అలవాటు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి మా ఊళ్ళో సేద్యం చేసే ఇంటి నుంచి ఇంజనీరింగు దాకా వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో, నా మాటకు మా ఇంట్లో కాస్త ఎక్కువ విలువే ఉండేది. కాజీపల్లిలోని ఒక మందుల ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి వేడిచేసే రియాక్టర్ మీద వాడికి ఉద్యోగం వెతికి పెట్టింది కూడా నేనే. ఆ రియాక్టర్ దగ్గరే ఒకనాడు సాల్వెంటుకు నిప్పంటుకుని వాడి కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. తొడ చర్మం తీసి చేతికి అతికించారు. గాయం మానింది కానీ అతికిన చర్మం మానే కొద్దీ ముడుచుకుపోతూ వేళ్ళను అరచేతి వైపు గుంజసాగింది. ఏడాది, ఏడాదిన్నర పాటు రోజూ గంటల తరబడి కదిలిస్తూ ఉంటే ఆ వేళ్ళు నిలుస్తాయని, ఆలోగా బిగుసుకుపోతే ఇక తెరుచుకోవడం కష్టమని డాక్టరు స్పష్టంగా చెప్పారు.

ఆసుపత్రిలో ఇచ్చిన రబ్బరు బంతిని మా తమ్ముడు రెండు రోజులు పిసికి మూడోనాడు మంచం కిందికి విసిరేశాడు. మనుషులతో మాట్లాడటం మానేశాడు. బడిలో టీచరుగా పనిచేస్తున్న మా మరదలు, పిల్లల కోసమని ఇంట్లో ఉంచిన పాత కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఒకటి వేసి, దాన్ని నడిపే పిడి, జాయ్‌స్టిక్కు, ఒకటి తగిలించి, ఏమీ చెప్పకుండా వాడి ముందు పెట్టి బడికి వెళ్ళిపోయింది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి వాడు ఇంకా ఆ పిడి పట్టుకునే ఉన్నాడట. బంతిని పిసకని వేళ్ళు విమానాన్ని దింపడానికి రోజుకు నాలుగు గంటలు కదలడం మొదలుపెట్టాయి. చిన్న విమానాల నుంచి పెద్దవాటికి ఎదిగాడు. ఏ విమానం ఎన్ని గంటలు నడిపాడో ఆ ఆటే లెక్క రాసిపెట్టేది. ఆ లెక్కను మా వాటాలోకి వచ్చి చెప్పేవాడు, మాట్లాడటం మానేసిన మనిషి. నేను నెలకొకసారి వాడి వేళ్ళు ఎంత కోణం దాకా తెరుచుకుంటున్నాయో కోణమానిని పెట్టి కొలిచి కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఆ కోణం మెల్లగానైనా నెలనెలా పెరుగుతూ వచ్చింది.

ఆ ఆటకు కొత్త రూపం వచ్చింది. అందులో మబ్బులూ వానా గాలివాటమూ నిజంలా ఉంటాయని వాడు ఎక్కడో చదివాడు. మా మరదలు పట్టుబట్టి దానికి తగిన ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తెప్పించింది. అవి బిగించాక కంప్యూటరు మామూలుగా పనిచేసేది, ఆట మొదలై విమానం నేల విడవగానే ఆగిపోయేది. పాత పవర్ సప్లైకి శక్తి చాలడం లేదన్నది స్పష్టం. గోడ నుంచి వచ్చే కరెంటును కంప్యూటరు లోపలి భాగాలకు పనికివచ్చే తక్కువ వోల్టేజిగా మార్చి ఇచ్చే పెట్టె అది. ఆట ఆగిన వారానికే వాడి చిటికెన వేలు మళ్ళీ కొద్దిగా ముడుచుకోవడం నేను గమనించాను. వాడు నా దగ్గరికి వచ్చి ఎప్పటిలాగే అడిగాడు: "అన్నా, నువ్వయితే ఏది తీస్కుంటవో అదే తీస్కుందం."

ఇక్కడ మా ఫ్యాక్టరీలోని ఒక అలవాటు గురించి చెప్పాలి. మా దగ్గర రాగి తీగ చుట్టే వైండింగు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. బయటినుంచి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చినప్పుడు, వాటిని పరీక్ష బల్ల మీదికి పంపేముందు ఆయన కళ్ళు మూసుకుని రెండింటిని రెండు అరచేతుల్లో పెట్టుకుని ఊపి చూసేవాడు. రాగి తగ్గించినా, ఇనుప రేకులు తగ్గించినా ఆయన అరచెయ్యి ముందే పసిగట్టేది, మా మీటర్లు తరువాత అదే మాట చెప్పేవి. కొత్తగా చేరిన రోజుల్లో నేను నవ్వితే, "మీటరు మొన్న కొన్నది సార్, ఈ చెయ్యి ముప్పై ఏండ్ల సంది ఉన్నది" అన్నాడు. ఐదారేళ్ళకు నాకూ ఆ విద్య పట్టుబడింది. సిగ్గుపడకుండా చెప్పాలంటే, నా డిగ్రీ కన్నా దాన్ని చూసుకునే ఎక్కువ గర్వపడేవాణ్ణి.

నగరంలో కంప్యూటర్ విడిభాగాలమ్మే ఒక దుకాణానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. విమానం ఆట కోసమనీ, మా అన్న ఇంజనీరనీ మా తమ్ముడు చెబితే దుకాణదారు రెండు పెట్టెలు బల్లమీద పెట్టాడు. ఒకటి తేలిక, రెండోది బరువు. మా తమ్ముడు ముందే లెక్క కట్టుకుని వచ్చాడు. కొత్త కార్డుకూ ప్రాసెసరుకూ కలిపి పన్నెండు వోల్టుల తీగ మీదనే పదమూడు ఆంపియర్లు కావాలి. తేలికదాని మీద పద్దెనిమిది అని ఉంది. బరువుదాని మీద మొత్తం వాట్లు పెద్ద అక్షరాలతో ఎక్కువగా వేసి, పన్నెండు వోల్టుల వరుసలో మాత్రం పదే వేశారు. వాడు వేలు పెట్టి ఆ వరుస చూపించాడు. "అన్నా, గిది మనకు సరిపోదేమో జెర సూడు."

దుకాణదారు నవ్వాడు. "తమ్మీ, గా తేల్కది దూది లెక్కున్నది. ఇమానం నడిపెటోనివి, దీనిక్కూడ రెక్కలు గట్టి ఎగిరేస్తవా ఏంది? ఇంజనీరు సాబ్, మీరు జెర చేతుల వట్టి సూడుండ్రి, మాటలెందుకు?"

నేను పట్టి చూశాను. అంతమంది ముందు కళ్ళు మూసుకుని, రెండింటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుని, మా మేస్త్రీ ఊపినట్టే ఊపి చూశాను. బరువుది నిండుగా కూర్చుంది. "కాగితం మీద ఎవడేమన్న రాస్తడురా, బరువు అబద్ధమాడుతదా?" అన్నాను. దుకాణంలో ఉన్న మరో ఇద్దరు ఔనన్నట్టు తల ఊపారు. ఆ పెట్టెను మా తమ్ముడి ఎడమచేతిలో పెట్టి, నువ్వూ చూడమన్నాను. వాడు కొంచెం సేపు పట్టుకుని, నా ముఖం చూసి, "నువ్వన్నంక ఇగ సూసెడిదేముందన్నా" అని బల్లమీద పెట్టేశాడు.

నాకు తెలియని శాస్త్రం కాదు. సెకనుకు యాభై సార్లు మారే కరెంటు మీద పనిచేసే ట్రాన్స్‌ఫార్మరుకు శక్తి కావాలంటే బరువు తప్పదు. కానీ కంప్యూటరు పవర్ సప్లై ఆ కరెంటును సెకనుకు యాభై వేల సార్లు తెగ్గొట్టి మారుస్తుంది కాబట్టి దానికి నిమ్మకాయంత ట్రాన్స్‌ఫార్మరు చాలు. ఇది నేను కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, మంచి మార్కులు తెచ్చుకున్న పాఠమే. ఆ రోజు ఆ బల్ల ముందు అది నాకు గుర్తుకు రాలేదనలేను. గుర్తుకు వచ్చింది, అరచేతి గర్వం ముందు అది నిలవలేదు.

మూడు వారాలు విమానం ఎగిరింది. ఒక ఆదివారం ఉదయం వాన మబ్బుల్లోంచి పెద్ద విమానాన్ని దింపుతున్నానని, వచ్చి చూడమని మా తమ్ముడు కేకేస్తే నేను వెళ్ళి వాడి వెనక నిలబడ్డాను. చక్రాలు నేలను తాకబోతుండగా పెట్టెలోంచి చిన్న చప్పుడు వచ్చి తెర నల్లబడింది. కాలిన వాసన. నేను తలెత్తి గోడమీది స్టెబిలైజరు చూశాను. ముల్లు రెండువందల ముప్పై దగ్గర కదలకుండా నిలబడి ఉంది. అయినా నా నోటివెంట వచ్చిన మాట ఇది: "కరెంటోళ్ళు వోల్టేజి ఎక్కువ ఇడిసిండ్రురా." వాడు కూడా తలెత్తి ఆ ముల్లును చూశాడు. తరువాత నన్ను చూశాడు.

మధ్యాహ్నం ఒక్కణ్ణే కూర్చుని మీటరు పెట్టి చూశాను. పవర్ సప్లై చెడిపోతూ పన్నెండు వోల్టుల తీగ మీద హద్దుమీరిన వోల్టేజి పంపి, మదర్‌బోర్డునూ కొత్త కార్డునూ హార్డ్‌డిస్కునూ కాల్చేసింది. ఏడాది పాటు వాడు ఎగిరిన గంటల లెక్క ఆ డిస్కులోనే ఉండేది. పెట్టె మూత విప్పాను. కరెంటును వడగట్టే చుట్టలు ఉండవలసిన చోట వట్టి తీగ ముక్కలు అతికి ఉన్నాయి. సర్క్యూటు పలక కింద, ఒక అంచున, అరచెయ్యంత వెడల్పున్న ఇనుప బిళ్ళ జిగురుతో అతికించి ఉంది. దానికి ఏ తీగా కలపలేదు. దానికి బరువుండటం తప్ప మరో పని లేదు.

మర్నాడు దాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి తూకం మీద పెట్టబోతుంటే మా మేస్త్రీ చూసి చేతిలోకి తీసుకుని, "మున్నూట ఎనభై గ్రాములుంటది సార్, గిది ఏ మిషన్‌ది?" అన్నాడు. తూకం మూడువందల ఎనభై రెండు చూపించింది. ఏ మిషన్‌దో నేను చెప్పలేదు. ఆ బిళ్ళను తీసివేస్తే నేను కొన్న పెట్టె నేను కాదన్న పెట్టె కన్నా తేలిక. ఎక్కడో ఎవరో కూర్చుని, కొనేవాడు చేతిలో పట్టుకుని చూస్తాడని ముందే ఊహించి దాన్ని తయారుచేశారు. నాలాంటివాడి కోసమే చేశారు.

కొత్త కంప్యూటరు మొత్తం నేనే తెచ్చి పెడతానన్నాను. మా తమ్ముడు "ఇగ వద్దులే అన్నా, మొదటికెల్లి ఎగిరే ఓపిక లేదు" అన్నాడు. మా మరదలు ఎంతో బతిమాలింది, బంతి మళ్ళీ చేతికిచ్చింది, చివరికి నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "బావగారూ, మీ మాటయితె ఇంటడు, మీరు జెర గట్టిగ చెప్పుండ్రి" అంది. నా మాట విన్నందుకే ఇదంతా జరిగిందని ఆమెకు తెలియదు. నేను గట్టిగా చెప్పలేకపోయాను. కోణమానినితో కొలవడం ఇంకా నాలుగు నెలలు సాగించాను. ప్రతి నెలా అంకె తగ్గింది. ఐదో నెల కొలవలేదు.

ఏడాదిన్నర గడిచాక ఆసుపత్రికి తీసుకెళితే, ఇప్పుడు ఆపరేషన్ చేసినా పెద్ద ప్రయోజనం ఉండదని డాక్టరు చెప్పారు. తిరిగి వస్తూ పటాన్‌చెరువులో బస్సు కోసం నిలబడి ఉన్నాం. వాడికి ఆ ఇనుప బిళ్ళ సంగతి చెప్పేయాలని నేను నోరు తెరిచేలోగా వాడే అన్నాడు: "అన్నా, దుకాణంల నువ్వు ఆ డబ్బ నా ఎడమచేతుల పెట్టినవ్ సూడు, అప్పుడే నాకు అనుమానమొచ్చింది. బరువంత ఒక్క పక్కకే గుంజింది. మంచిదైతే గట్లుండది గదా."

"మరి చెప్పకపోతివేందిరా?"

"గంతమంది ముంగట నిన్ను ఇంజనీరు సాబ్ అనవట్టిరి. నేనెట్ల చెప్పాలె?"

సంగారెడ్డి బస్సు వచ్చింది. నేను టికెట్లు తీసుకునే లోపల వాడు ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని కిటికీ పక్కన నాకు చోటు ఉంచాడు.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఫ్యాక్టరీ మూతపడింది, మా మేస్త్రీ లేడు, కరెంటు ఇప్పుడు ఇంట్లో నిలకడగా ఉంటుంది, ఏ పెట్టె లోపల ఏముందో కొనకముందే ప్రపంచమంతా చూడవచ్చు. ఈ చివరి రెండింటిలో ఏ ఒక్కటి అప్పుడున్నా చాలుననుకునేవాణ్ణి ఒకప్పుడు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు, ఎందుకంటే ఆ రోజు నిజం మా ఇద్దరి మధ్యే, ఒక చేతి దూరంలోనే ఉంది. చిన్నవాడు పెద్దవాడి మాట కాదనకపోవడాన్ని మర్యాద అనుకుని పెరిగాం మా ఇంట్లో. ఆ మర్యాద వాడి చేతిని తీసుకుంది.

మా తమ్ముడు ఎడమచేత్తో రాయడం నేర్చుకుని ఇప్పుడు బాగానే బతుకుతున్నాడు. వాడికి నామీద కోపం ఉన్నట్టు ఏనాడూ కనబడలేదు. పండుగకు రమ్మంటాడు, జ్వరమొస్తే వచ్చి కూర్చుంటాడు. కానీ ఆ తరువాత ఇల్లు మారినా, పిల్లల్ని కాలేజీలో చేర్చినా, బండి కొన్నా, "ఏది తీస్కోవాలె, అన్నా?" అని నన్ను అడగలేదు. అన్నీ అయ్యాక వచ్చి చెబుతాడు. నేను మంచి పని చేశావురా అంటాను. చెప్పిన ప్రతిసారీ వాడు నిజంగా మంచి పనే చేసి ఉంటాడు.