బతికున్న బిడ్డకు మైల

సాలమ్మ పొద్దున లేవగానే చీపురు పట్టేది కాదు. ముందు గుమ్మంలో నిలబడి వాకిలంతా కలియజూసేది. రాత్రి నుంచి పడిన అడుగులన్నీ ఆ ఎర్ర దుబ్బలో ఉండేవి. కోడి కాలు, కుక్క పంజా, మొగుడు ఐలేశం వెడల్పాటి పాదం, అన్నీ ఆమెకు తెలిసినవే. చెప్పు అచ్చు ఉందా అని వెతికేది. వాడలో చెప్పులు తొడిగేవాళ్లు లేరు. దొర ఉండే గడి ముందు నుంచి చెప్పులతో నడిచే రివాజు వాళ్లకు లేదు. చెప్పు అచ్చు పడిందంటే ఎవరో పనిగట్టుకొని వచ్చి, తలుపు దగ్గర చెవి పెట్టి పోయారన్నమాటే. లేదని నమ్మకం కుదిరాకే నడుం వంచి ఊడ్చేది.

మర్రిగూడ దిక్కున, రాళ్ల గుట్టల నడుమ ఉండే ఊరు అది. నిజాం రాజ్యం చివరి ఏళ్లు. సాలమ్మ ఆ వాడకు మంత్రసాని. అత్త చేతి నుంచి వచ్చిన పని. బొడ్డు కోయడం, స్నానం పోయడం, మాయ పూడ్చడం ఒక ఎత్తయితే, గడికి కబురు మోయడం ఇంకో ఎత్తు. వాడలో ఏ జీతగాడి ఇంట్లో మగపిల్లవాడు పుట్టినా మూడోనాడు మంత్రసాని గడికి పోయి చెప్పాలి. అప్పుడు గడి నుంచి ఒక గొంగడి ముక్క వస్తుంది. బిడ్డను దాని మీద పడుకోబెట్టాలి. గడి గొంగడి మీద పండినవాడు నడక రాగానే గడి మేకల వెంట, మూతి మీద వెంట్రుక రాగానే గడి నాగలి వెంట పోవలసిందే. తండ్రి పోయినా వాడు ఉంటాడు. వాడు పోతే వాడి కొడుకు ఉంటాడు. సాలమ్మ పెద్ద కొడుకు మైసయ్య అట్లా ఎనిమిదేళ్లకే బర్రెల కాపరి అయ్యాడు. వాడి గొంగడిని గడి గేటు నుంచి తన చేతులతో తానే మోసుకొచ్చింది.

ఆ తర్వాత వాడ ఆడవాళ్లు ఒక ఉపాయం పట్టారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరూ చెప్పరు. తొలిచూలు పుట్టింట్లో, మలిచూలు అత్తింట్లో అన్నది లోకం నడక. వీళ్లు మాత్రం మలిచూలుకూ, మూడో కాన్పుకూ కూడా తల్లికి జ్వరమనో, తమ్ముడి పెండ్లనో చెప్పి డిండి వాగు దాటి పాలమూరు దిక్కు పుట్టిళ్లకు పోసాగారు. అక్కడ దొరలు వేరు, గొంగడి రివాజు లేదు. ఆడపిల్ల పుడితే చంకనేసుకొని వచ్చేవారు. మగపిల్లవాడైతే అమ్మమ్మ దగ్గర వదిలి, రొమ్ములకు గుడ్డ బిగించుకొని వట్టి చేతులతో వచ్చేవారు. పురిట్లోనే పోయాడనేవారు. ఆ మాటనే సాలమ్మ గడికి మోసేది.

గడిలో గొంగడి ముక్కలు మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఉండిపోయాయి. మేకలు ఈనుతున్నాయి, బర్రెలు ఈనుతున్నాయి, ఈ వాడ ఆడవాళ్లకే ఏం రోగం వచ్చిందని దొర అడిగాడట. మంత్రసాని ఏదో వేరు అరగదీసి తాగిస్తోందని గడిలో అనుకుంటున్నారని ఊళ్లోకి పొక్కింది. సాలమ్మకు అప్పటికి అయిదో నెల. ఎవరికీ చెప్పలేదు. కొంగు వదులుగా కప్పుకొని తిరిగేది.

లింగస్వామి పెండ్లాం జానమ్మ కూడా అట్లాగే వట్టి చేతులతో తిరిగి వచ్చిన వారంలో, సాలమ్మ పక్క ఊళ్లో పురుడు పోసి ఇంటికి చేరేసరికి వాకిట్లో చెప్పు అచ్చు కనబడింది. చిన్న పాదం, మడమ దగ్గర అరిగిన చెప్పు. వాడకు చెప్పులతో వచ్చేవాళ్లు ఇద్దరే. ఒకరు గడి గుమాస్తా రఘుపతి. ఆయనది పెద్ద పాదం. రెండోది సకీనా. నకిరేకల్‌లో గాజులు కొని, గాజుల సరాల మలారం భుజానేసుకొని ఊరూరా తిరిగే మనిషి. గడిలో దొరసాని చేతికీ గాజులు తొడిగేది ఆమే, వాడలో కూలిదాని చేతికీ ఆమే. మొన్ననే సాలమ్మ చేయి పట్టుకొని ఎప్పటి కొలత ఎక్కించబోతే ఎక్కలేదు. సకీనా ఏమీ అనకుండా ఒక కొలత పెద్దవి తొడిగింది. నీరు పట్టిన మణికట్టు గాజుల మనిషికి ఏం చెప్తుందో సాలమ్మకు తెలియంది కాదు. అనుమానం అక్కడే కుదురుకొని కూర్చుంది.

మరునాడే గడి నుంచి పిలుపు వచ్చింది. రఘుపతి అరుగు మీద కూర్చొని వక్క కత్తిరిస్తున్నాడు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదని సాలమ్మకు అనిపించింది.

"ఏందే సాలీ, ఆడపిల్లలు పుడితె బతుకుతున్నరు. మగపిల్లలే సస్తున్నరు. చావు గూడ చూసి ఏరుకుంటదా?"

తలరాత అంది సాలమ్మ.

"సరే, తలరాతే. లింగస్వామి కొడుకు పోయిండని నువ్వే వచ్చి చెప్పినవు. తెల్లారి లింగస్వామి కల్లంల దిగి జొన్నలు తూర్పార పట్టిండు. మైలల ఉన్నోడు రాశి దగ్గరికి వస్తడా? మీసం దీయలే, తానం చెయ్యలే, మీ వాడోళ్లు వానింటికి అంబలి కుండ తేలే. అంతకుముందు పోయిండన్న ఇద్దరు పోరగాండ్ల తండ్రులూ గంతే. జెప్పు మల్ల, కొడుకు సస్తె మైల పట్టని తండ్రిని నువ్వు యాడన్న చూసినవా?"

అబద్ధం అంతా కట్టుదిట్టంగా అల్లారు గాని, ఈ ఒక్క కంత వదిలేశారు. వదిలేయడం కాదు, ఆడవాళ్లు ఎంత చెప్పినా మగవాళ్లు వినలేదు. నోటితో చచ్చాడని అనడానికి ఒప్పుకున్నారు. బతికున్న కొడుకు పేర మీసం తీయడానికి మాత్రం ఒక్కడూ ఒప్పుకోలేదు. మైల పడితే బిడ్డ ఆయుష్షు తెగుతుందని వాళ్ల భయం. ఆ ప్రేమే ఇప్పుడు గడి చేతికి సాక్ష్యమయింది.

రఘుపతి వక్క నోట్లో వేసుకున్నాడు. "నీ కడుపు సంగతి గూడ నాకెరుకే. పో, మీ తల్లి గారింటికే పో. నేనేమన్న ఆపుతున్ననా? మగపిల్లగాడు పుట్టి పోయిండంటివో, ఐలేశం ఏం జేస్తడో చూస్త. మైల పట్టకపోతె వాగు దాటి మనిషిని పంపుత. వానినొక్కన్నే గాదు, అందరు పోరగాండ్లనూ తోలుకొస్తరు."

తిరిగి వచ్చేటప్పుడు దారిలో సకీనా ఎదురైంది. సాలమ్మ ఆమె చెప్పుల వంక చూసింది. మడమలు అరిగి ఉన్నాయి.

"గా అడుగు నాదే సాలక్కా," అంది సకీనా, అడగకముందే. "రఘుపతి మైల ముచ్చట తీస్తుండని చెప్పనీకొచ్చిన. నువ్వు లేకపోతివి."

"నా కడుపు ముచ్చట ఎవలు జెప్పిండ్రు మరి?"

సకీనా మలారం ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "దొరసాని అడిగింది. కొలత మారిందన్న. రెండిండ్లల్ల గాజులమ్ముకునేదాన్నక్కా, రెండు తలుపులూ గావాలె నాకు."

ఇందులో ఎంత నిజమో సాలమ్మ తేల్చుకోలేకపోయింది. ఆ రోజు నుంచి సకీనాకు గాజులకు చేయి ఇచ్చింది గాని, మనసులో మాట ఇవ్వలేదు.

నెలలు నిండే ముందు బండి మీద తల్లి ఊరికి పోయింది. బిడ్డ అడ్డం తిరిగాడు. మంత్రసాని తన పురుడు తాను పోసుకోలేదు కదా. తల్లి ఆమెను దగ్గరున్న మిషన్ దవాఖానకు చేర్చింది. అక్కడ తెల్ల డాక్టరమ్మ రెండు చేతులతో బిడ్డను తిప్పి బయటికి తీసింది. మగపిల్లవాడు. నర్సు అరుణమ్మ ఒక ఊలు దుప్పటి తెచ్చి పరవబోతే సాలమ్మ మంచం మీంచే ఆమె చేయి పట్టేసింది. తన పాత కోక చింపి ఇచ్చి, బిడ్డను దాని మీదే పడుకోబెట్టమంది. ఎందుకని అడిగారు. నీరసంలో ఉందేమో, గొంగడి సంగతంతా బయటపెట్టేసింది. చెప్పిన మరుక్షణం నాలుక కరుచుకుంది.

డాక్టరమ్మ స్టూలు లాక్కొని కూర్చొని చాలాసేపు ఏదో చెప్పింది. అరుణమ్మ దాన్ని తెలుగు చేసింది.

"డాక్టరమ్మ వాళ్ల తాతముత్తాతలు జర్మనీ దేశపు రైతులట. ఆడ గూడ గిట్లనే ఉండెనట. పెండ్లి జేసుకోవాలంటె దొర సెలవు గావాలె. పిల్లలు జర ఎదిగినంక దొర ఇంట్ల కొన్నేండ్లు చాకిరి జెయ్యాలె. పుట్టిన పిల్ల కనపడకపోతె ముందు మంత్రసాని మీదనే అనుమానమట. ఏదీ దాయనని ఆమెతోని ప్రమాణం చేయించేటోళ్లట."

"ప్రమాణం జేసి ఏం చెప్పేటోళ్లు?" అని అడిగింది సాలమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. ఆ సంగతి ఎవరూ రాసిపెట్టలేదంది.

సాలమ్మకు ఆ దేశం ఎక్కడుందో తెలియదు గాని, ఆ మంత్రసానులు బాగా తెలిసినవాళ్లలా అనిపించారు. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అంత దూరం నుంచి వచ్చి ఈమె మన పిల్లల్ని ఎందుకు పట్టించుకుంటోంది? గడికి చేతులు కావాలి. కొన్నేళ్ల కింద జనాభా రాసుకుపోయిన సర్కారు మనిషికి తలకాయలు కావాలి. వీళ్లకేం కావాలి? పోయేటప్పుడు బిడ్డకు ఇస్రాయేలు అని పేరు పెడతామని వాళ్లు అడిగినప్పుడు తెలిసింది, వీళ్లకు పేర్లు కావాలి. మూడింటిలో అదే చవకని ఒప్పుకుంది.

పాలు తాగుతున్న బిడ్డను తన తల్లి చేతుల్లో పెట్టి, రొమ్ములకు గుడ్డ బిగించుకొని ఇంటికి వచ్చింది. ఐలేశం వట్టి చేతులు చూశాడు. లోపలికి వచ్చాక నిజం చెప్పింది. నువ్వు మైల పట్టాలి అని కూడా చెప్పింది.

ఆయన ఆమె ఊహించని మాట అన్నాడు.

"నిజం జెప్పు సాలీ. ఆడు బతికే ఉన్నడా? సచ్చిపోతె నేను గుండె పగిలి పడిపోతనని గిట్ల జెప్తున్నవా?"

ఆమె బిత్తరపోయింది. గడికి అన్నేళ్లుగా అబద్ధాలు మోసిన నోరు అది. ఇప్పుడు నిజం చెప్పినా ఇంట్లో మొగుడే నమ్మడం లేదు. ఒట్టు పెట్టింది. వాడి పాదం నీ పాదంలాగే వెడల్పుగా ఉందంది. ఐలేశం తల ఊపాడు గాని కళ్లలో అనుమానం పోలేదు. వాగు దాటి చూసి వద్దామంటే గడికి దారి చూపించినట్టే.

"బతికుంటె మైల పడితె ఆని ఆయుష్షు తగ్గుతది," అన్నాడు చివరికి.

"పట్టకపోతె గొంగడి వస్తది. అందరికీ వస్తది."

మూలన మైసయ్య, బర్రెల కర్ర పక్కనే పెట్టుకొని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్నాడు. ఐలేశం వాడి వంక చూశాడు. లేచి మంగలిని పిలుచుకురావడానికి పోయాడు.

మీసం తీయించుకున్నాడు. బావి దగ్గర బట్టలతోనే తానం చేశాడు. వాడవాళ్లు అంబలి కుండ తెచ్చారు. లింగస్వామి కుండ దించి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రఘుపతి చెప్పులు కిర్రుమనిపిస్తూ వచ్చి వాకిట్లో నిలబడి ఐలేశం ముఖంలోకి చూశాడు. ఐలేశం ఏడుస్తున్నాడు. ఆ ఏడుపులో నటన వెతికి, దొరకక, గుమాస్తా వెనక్కి తిరిగాడు. నటన అందులో లేదని సాలమ్మ ఒక్కదానికే తెలుసు. ఆయన బిడ్డ పోయాడని నమ్మి ఏడుస్తున్నాడో, బతికున్నవాడి ఆయుష్షు తెగుతుందని ఏడుస్తున్నాడో మాత్రం ఆమెకూ తెలియలేదు.

గడి మనిషి వాగు దాటి పోలేదు. మంత్రసాని మీద గడి కన్ను మాత్రం తీయలేదు. ఆ తర్వాత రెండేళ్ల పాటు పాలమూరు దిక్కు నుంచి ఎవరు వచ్చినా ఐలేశం గుమ్మంలోకి వచ్చేవాడు. బిడ్డ బాగున్నాడని అత్త కబురు పంపితే, మీ అమ్మ గూడ నీ లెక్కనే అనేవాడు. అక్కడ వాడికి జ్వరం వచ్చిందని తెలిసిన రోజున మళ్లీ మీసం పెంచని పెదవి తడుముకుంటూ అన్నం ముట్టలేదు.

సంఘం జెండా వచ్చింది, గడి తలుపులు మూసి దొర పట్నం పోయాడు. పోలీసు యాక్షన్ అయ్యాక సాలమ్మ వాగు దాటి కొడుకును తీసుకొచ్చింది. వాడు ఐలేశాన్ని చూసి ఆమె కొంగు వెనక్కి దాక్కున్నాడు. ఐలేశం దగ్గరికి పోలేదు. దూరం నుంచే వాడి పాదాల వంక చూశాడు.

మరునాడు పొద్దున సాలమ్మ చీపురుతో గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన అప్పటికే వాకిట్లో గొంతుక్కూర్చొని ఉన్నాడు. ఎదురుగా దుబ్బలో చిన్న అడుగు, వెడల్పాటిది.

"ఇయ్యాల ఊడ్వకు," అన్నాడు.

ఇస్రాయేలు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సాలమ్మకు తొంభై దాటాయి. మర్రిగూడలో అతని దగ్గరే ఉంటుంది. ఆ నేల ఫ్లోరైడు నీళ్లకు నడుము బిగుసుకుపోయింది. వాకిలి మనుమడి భార్య ఊడుస్తుంది.