పుట్టింటి కట్టెల మోపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. మాకు ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది కూడా ఆ ముక్కే.

కోయంబత్తూరులో మాది పాత ప్యాలెట్ల యార్డు. మోటార్లయినా మిల్లు యంత్రాలయినా ఏ దేశం నుంచి వచ్చినా, ఫోర్క్‌లిఫ్టు పళ్ళు దూర్చి ఎత్తడానికి వీలుగా ఒక చెక్క చట్రం మీద కూర్చుని వస్తాయి. అదే ప్యాలెట్. సరుకు దిగాక దాన్ని కంపెనీ వెనక గోడకు చేరవేసి మరిచిపోతారు. మేము కొని తెచ్చి, విరిగిన పలకలు ఊడదీసి, మంచివి బిగించి మళ్ళీ అమ్ముతాం. కొత్తదాని ధరలో సగానికే దొరుకుతుంది గనుక మేలూరులో గ్రానైటు పలకలు ప్యాక్ చేసేవాళ్ళు మమ్మల్ని వదలరు. కంపెనీకేమో చెత్త ఎత్తించే ఖర్చు తప్పుతుంది. బాగుచేయడానికి పనికిరానివి పొయ్యి కట్టెలవుతాయి, రంపపు పొట్టు కోళ్ళఫారాలకు పోతుంది, వంగిన మేకులు పాత ఇనుము కొట్టుకు పోతాయి.

"ఇదంతా చెట్టే కదమ్మా" అనేవాడు మా నాన్న, నైనా. "ఒకసారి కొట్టేసినారు. ఇంకోదాన్ని కొట్టనీకుండా మనం అడ్డం నిలబడి ఉండాము." పాత చెక్కల వ్యాపారం చేసేవాడికి అంత గర్వం ఎందుకని అమ్మ ఎగతాళి చేసేది. నాకు మాత్రం ఆ గర్వం పూర్తిగా వచ్చింది.

ప్రతి ప్యాలెట్ మీదా ఒక ముద్ర ఉంటుంది. పురుగు పట్టకుండా చెక్కను వేడిచేశారా, మందు పొగ పట్టించారా అన్నది అది చెబుతుంది. ఆ తర్వాత దాని మీద ఏం ఒలికిందో ముద్ర చెప్పదు. దానికి నైనా పెట్టిన పద్ధతి ఒకటుంది. లోడు దిగగానే, ఎవరూ మేకు ముట్టుకోకముందే, ఇంటి మనిషి ఒకరు ఒక్కొక్క ప్యాలెట్ మీదా వంగి వాసన చూడాలి. మందు కంపు తగిలితే ఎర్రరంగు గీత గీసి, వచ్చిన చోటికే తిప్పి పంపాలి. కూలికి వచ్చినవాడి ముక్కును నైనా నమ్మేవాడు కాదు. ఆయన పోయాక ఆ పని నాది.

పోయిన ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో తగ్గింది. లేచి కాఫీ తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది. పాలు పోసే అతన్ని పట్టుకుని నీళ్ళు కలిపావని తిట్టిపోశాను పాపం. సాయంత్రం దేవుడికి కర్పూరం వెలిగించాక తెలిసింది, పోయింది పాలలో రుచి కాదని. పది రోజులు చూశాను, నెల చూశాను, వాసన తిరిగి రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. పొగరు అనండి, భయం అనండి. ఆ ముక్కు లేకపోతే ఆ యార్డులో నేనెవరిని? లోడు వచ్చిన ప్రతిసారీ వంగేదాన్ని, గట్టిగా గాలి పీల్చేదాన్ని, తల ఊపి ముందుకు పోయేదాన్ని. మరకలు కళ్ళకు కనిపిస్తాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడు నెలలు అలా నాటకం ఆడాను.

మా ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. కాన్పు అత్తగారింట్లో జరిగితే, పదకొండో రోజు స్నానానికి నీళ్ళు కాచే కట్టెలు పుట్టింటి నుంచే వెళ్ళాలి. ఆ నీళ్ళే బాలింతకూ బిడ్డకూ పోస్తారు, ఆ నిప్పుల మీదే సాంబ్రాణి వేసి తలకు పొగ పడతారు. నా కూతురు మధురలో, అదే మదురైలో, ఉంటుంది. రెండో కాన్పు అక్కడే అయింది, ఆడపిల్ల. ఇంకొకరైతే మోపు కొని పంపుతారు. మాకేం కర్మ, యార్డు నిండా కట్టెలే! మేలూరు పోయే లారీలోనే మోపు వేయించి, దారిలో వాళ్ళింట్లో దింపించాను. యార్డులో పని ఉంది, ఊయలలో వేసే రోజుకు వస్తానని చెప్పాను.

పదకొండో రోజు పొద్దున తొమ్మిదింటికి ఒక గోడౌను నుంచి ఫోను వచ్చింది. ఆ వారం లోడు పంపిన మనిషి. తన గోడౌనులో పురుగుల మందు డబ్బా పగిలి ప్యాలెట్ల మీద కారిందనీ, వాటిని కూడా తన కూలీలు పొరపాటున మా లోడులో ఎక్కించేశారనీ తమిళంలో చెప్పాడు. "నీంగ వాసం పాత్తిరుప్పీంగళే అక్కా" అని నవ్వాడు. మీరు వాసన చూసే ఉంటారు కదా, నాకేం దిగులు అన్నట్టు.

"ఆమా, పక్కన పెట్టేసినాను" అన్నాను. ఆ అబద్ధం నేను వెతుక్కోకుండానే నోట్లోంచి వచ్చేసింది.

ఫోను పెట్టి, మోపు కట్టిన పనివాడి దగ్గరికి వెళ్ళాను. మాతో ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి. ఆ కట్టెలు ఏ లోడువి అని అడిగాను.

"ఈ వారం వచ్చిందాంట్లోదే అక్కా, మీరు వాసన చూసి వదిలిందే. బాగా ఎండినవి చూసి ఏరినాను. పసిబిడ్డకు కదా" అన్నాడు సంతోషంగా.

కూతురికి ఫోను చేస్తే స్విచాఫ్. పచ్చి బాలింత ఫోను చూడకూడదని వాళ్ళ అత్త దాచేసింది. అల్లుడు మిల్లులో ఉన్నాడు, అక్కడ ఫోను గేటు బయట పెట్టెలో పెట్టి పోవాలి. వియ్యపురాలి ఫోను మోగింది, మోగింది, ఆగిపోయింది. ఇంటినిండా చుట్టాలుంటారు, ఎవరు వింటారు? చీర కూడా మార్చుకోకుండా సింగానల్లూరు బస్టాండుకు పరుగెత్తి మధుర బస్సెక్కాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ ఫోను చేశాను. తలుపు మూసిన స్నానాల గది కళ్ళ ముందు కనిపించింది. కాగు కింద మా కట్టెలు మండుతున్నాయి. పదకొండు రోజుల బిడ్డ ఎంత ఊపిరి పీలుస్తుంది? ఆ కాస్త ఊపిరిలో ఎంత పొగ పడుతుంది? పక్క సీటామె జామపండు ఇవ్వబోతే "వద్దు" అని ఆమె మీద అరిచాను. ఆమె పాపం సర్దుకుని అటు తిరిగి కూర్చుంది.

ఒట్టన్‌చత్రం దాటాక వియ్యపురాలే ఫోను చేసింది.

"ఏం వదినా, ఇన్నిసార్లు చేసినారే? నీళ్ళు పోయడం అయిపోయింది. సాంబ్రాణి పొగ కూడా పట్టినాము. బిడ్డ అట్లా నిద్ర పోతా ఉండాది చూడండి, లేపినా లేవలేదు!"

ఏ కట్టెలు పెట్టారు వదినా? అడగాల్సింది ఆ ఒక్క మాటే. అడిగితే, ఎందుకని ఆమె అడుగుతుంది. అప్పుడు చెప్పాలి. ఛీ, నా బతుకు! "నేను వస్తా ఉండాను వదినా" అని ఊరుకున్నాను. ఆమె ఆశ్చర్యపోయి, రాండి రాండి అని పెట్టేసింది. నాలుగు నిమిషాలు గడిచేసరికి నా మీద నాకే అసహ్యం వేసి మళ్ళీ చేశాను. మోగింది, ఎవరూ తీయలేదు. దిండుగల్లులో చేశాను, తీయలేదు. లేపినా లేవలేదు, లేపినా లేవలేదు అని ఆమె మాటే చెవుల్లో తిరిగింది. నా ముక్కు పోయినా పరవాలేదు, ప్రాణం పోయినా పరవాలేదు, ఆ బిడ్డ ఒక్కసారి ఏడిస్తే చాలని మొక్కుకున్నాను.

మధురలో ఆటో దిగి వాళ్ళ సందులోకి తిరిగేసరికి లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. గుక్కపట్టి, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

పెరట్లో మూలన, గోనెపట్ట కింద నా మోపు ఉంది. తాడు విప్పి ఉంది కానీ ఒక్క పుల్ల కూడా తగ్గలేదు. నేను దాన్నే చూస్తుంటే వియ్యపురాలి ముఖం చిన్నబోయింది.

"కోపం చేసుకోవద్దండి వదినా. విప్పగానే గుప్పుమని మందు కంపు కొట్టింది. కొబ్బరి మట్టలు పెట్టి కాచేసినాము. పుట్టింటి కట్టెలు వద్దంటే మీరు ఏమంటారో అని శానా సేపు ఆలోచించినాను. వాసన చూసే పంపి ఉంటారు కదా, నా ముక్కే తప్పేమో అని కూడా అనుకున్నాను. మీ పేరుకు రెండు పుల్లలైనా పెడదామని చేతికి తీసుకుంటిని కూడా."

నా కోపానికి భయపడి ఆమె ఆ రెండు పుల్లలూ పొయ్యిలో పెట్టబోయింది.

బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కొత్తగా చూసే పెద్దవాళ్ళు బిడ్డ మాడు వాసన చూడాలి, అదే మా దీవెన. నేను వంగి ఆ మెత్తటి మాడు మీద ముక్కు ఆనించాను. వెచ్చగా తగిలింది. అంతే. పాలు లేవు, సాంబ్రాణి లేదు, ఏమీ లేదు.

"ఎట్లా ఉండాది వాసన?" అంది వియ్యపురాలు నవ్వుతూ.

"నాకు తెలియలేదు వదినా. మూడు నెలలుగా నాకు ఏ వాసనా తెలియడం లేదు" అని ఏడ్చేశాను.

గదిలో మంచం మీద నుంచి నా కూతురు మెల్లగా అడిగింది. "అట్లయితే ఈ మూడు నెలలూ మన కట్టెలు ఎవరెవరి పొయ్యిలోకి పోయినాయి మా?"

బిడ్డను ఒళ్ళో పెట్టుకునే యార్డుకు ఫోను చేశాను. ఒక్క పుల్ల కూడా బయటికి పోనివ్వొద్దన్నాను. ఈ మూడు నెలలూ ఎవరెవరికి కట్టెలు వేశావో చెప్పమన్నాను. మా పనివాడు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. మొదట చెప్పింది మా వీధి చివర చిన్నపిల్లల బడిలో మధ్యాహ్నం అన్నం వండే పొయ్యి.