స్వామి ఆపిన బంతి

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో తిరుపతిలో ఒక కుర్రవాడికి ఆఫీసు ఉద్యోగం రావాలంటే చదువైనా ఉండాలి, సిఫారసైనా ఉండాలి. రెండూ అరకొరగా ఉన్నవాడికి కనీసం హాకీ కర్ర పట్టడం తెలిసి ఉండాలి. నాకు మూడూ అరకొరే. (చలిదేశాల్లో గడ్డకట్టిన నీటి మీద, కాళ్ళకు కత్తులు కట్టుకుని హాకీ ఆడతారని ఈమధ్య మా అబ్బాయి పత్రికలో బొమ్మ చూపించాడు. మాకు ఐసు అంటే సోడా బండి మీద గోనెసంచిలో చుట్టి పెట్టే గడ్డ. మేము ఆడింది గులకరాళ్ళ మీద. జారడం మాత్రం మేమూ జారేవాళ్ళం, మోకాలి మీది తోలు అక్కడే వదిలేసి లేచేవాళ్ళం.) ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ మైదానంలో జరిగిన ఒక సంగతి మా ఊళ్ళో ఇప్పటికీ తప్పుగా చెప్పుకుంటున్నారు. ఆ తప్పు వల్ల నాకు మేలు జరిగింది, ఇంకొకడికి కీడు జరిగింది. మేలు పొందినవాడు నోరు మూసుకుని ఇన్నేళ్ళు బతికాడు. ఇక చాలు.

మా అక్క భర్త, అంటే మా బావ, తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తా. నుదుట నిలువు నామం, నోట ఎప్పుడూ గోవింద నామం. మైదానంలోకి దిగితే మాత్రం పంచె గోచీ పోసి బిగించి, గోలు ముందు కుడివైపు ఫుల్‌బ్యాక్‌గా నిలబడి, వచ్చినవాడినల్లా గడగడలాడించేవాడు. ఎడమవైపు నిలబడే గుమాస్తా మదనపల్లెకు బదిలీ కావడంతో బావ నన్ను తీసుకెళ్ళి హెడ్ గుమాస్తా ముందు నిలబెట్టాడు. ఆయనే మా జట్టు కెప్టెన్. (బంతి తన దగ్గరికి వస్తే కొట్టేవాడు, రాకపోతే వచ్చేదాకా నిలబడేవాడు.) నేను అర్జీ చాపితే ఆయన దాని వైపు చూడలేదు.

"అది తరవాత సూస్తాం. కర్ర పడతావా?"

"పడతాడు సార్," అన్నాడు బావ. "గోడ మాదిరి నిలబడతాడు."

అందులో అబద్ధం లేదు. గోడకు కదలడం రాదు కదా. అలా నేను యాక్టింగు, అంటే తాత్కాలిక, గుమాస్తానయ్యాను. ఆఫీసులో కాగితాలకు దారం గుచ్చుతూ, సాయంత్రాలు గోలు ముందు గోడగా ఉంటూ కొన్ని నెలలు గడిపాను. జిల్లాలోని ఆఫీసుల జట్ల మధ్య ఏటా పోటీలు జరిగేవి. చిట్టచివరి ఆట మాకూ చిత్తూరు జట్టుకూ పడింది. ముందురోజు హెడ్ గుమాస్తా నన్ను పిలిచాడు.

"సూడప్పా, చిత్తూరోళ్ళు ప్రతి ఏడూ మన మొగాన మసి పూసి పోతా ఉండారు. రేపు గోలు పడిందా, సోమవారం నువ్వు ఈడికి రావొద్దు. మీ బావ మొగం సూసి పెట్టుకున్నా, ఆయన మొగం సూడకుండా తీసేస్తా."

ఇంటికి వచ్చి ఏడుపు మొహం పెడితే బావ ఒకటే ఉపదేశం చేశాడు. "ఒరే చిన్నోడా, పిడుగు పడినా సరే, బంతి మీద నుంచి కన్ను తియ్యొద్దు. అంతే."

గోలు వేసేవాడు ఎవరో మాకు ముందే తెలుసు. చిత్తూరు జట్టు ముందు వరసలో ఒక బక్కపలచటి టైపిస్టు ఉండేవాడు. బంతి ఎక్కడ పడితే అక్కడికి ఎగిరి వాలేవాడు. అందుకే అందరూ మిడత అనేవాళ్ళు, పిలిస్తే పలికేవాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం మొదలుకావలసిన ఆట పొద్దు బాగా వాలేదాకా మొదలు కాలేదు. పెట్రోలు దొరకని రోజులు, చిత్తూరు జట్టు ఎక్కింది బొగ్గు మంటతో నడిచే బస్సు. అది పాకాల దాటాక మిట్ట ఎక్కలేక నిలబడిపోతే ఆటగాళ్ళే దిగి తోశారట. మైదానంలో దిగేసరికి ఒక్కొక్కడి మొహం పొయ్యిలోంచి తీసినట్టుంది. వాళ్ళతో పాటు మిడత వాళ్ళ అమ్మ కూడా తులసిమాల పెట్టుకున్న బుట్టతో దిగింది. అప్పుడు గోవిందరాజస్వామికి బ్రహ్మోత్సవాలు. సాయంత్రం స్వామి ఊరేగే వాహనం మా మైదానం పక్క రోడ్డు మీదుగానే వెళుతుంది. ఆట సమయానికి మొదలై ఉంటే వాహనం వచ్చేలోపలే అయిపోయేది. బస్సు మిట్ట ఎక్కి ఉంటే ఈ కథే లేదు.

సగం ఆట ముగిసేలోపే మా వాళ్ళు ఒక గోలు వేశారు. (ఎలా వేశారో వాళ్ళకే తెలియదు.) అక్కడి నుంచి చిత్తూరు వాళ్ళు మా మీద పడ్డారు. మిడత నా చుట్టూ తిరుగుతూ వేళాకోళం మొదలుపెట్టాడు.

"ఏమప్పా గోడా, యాడన్నా కిటికీ ఉండాదా, నేనే తీసుకోవాల్నా?"

"వాడితో మాటలేందిరా! బంతిని సూడు!" అని అరిచాడు బావ.

ఆట ముగియబోతుండగా మిడత నన్ను దాటేశాడు. గోలు ముందు సున్నంతో గీసిన అర్ధచంద్రంలోకి దూరి బలంగా కొట్టాడు. అక్కడి నుంచి కొట్టింది లోపలికి పోతే గోలే. ఆ బంతి బావ కర్ర అంచుకు తగిలి వేగం చచ్చింది. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో నాదస్వరం వినిపించింది. స్వామి వచ్చేశాడు.

తిరుపతిలో స్వామి కనబడితే ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోతారు. అంపైరుగా ఉన్న డ్రిల్లు మాస్టారు ఆట ఆపడానికి ఈల ఊదాలి కదా, కానీ స్వామి ఎదుట ఈల వేయడమేమిటని దాన్ని జేబులో వేసుకుని బూట్లు విప్పేశాడు. కర్రలు పట్టుకుని నిలబడటం అపచారమని అందరూ కర్రలు కింద పెట్టేశారు. మా గోలీ కాళ్ళకు కట్టిన మెత్తలతోనే రోడ్డు దగ్గరికి పరుగెత్తాడు. రెండు జట్లూ, చూడవచ్చిన జనమూ రోడ్డు వైపు తిరిగి చేతులు జోడించారు. మైదానానికి వీపు చూపకుండా నిలబడిన మనిషి లేడు.

నేనూ కర్ర కింద పెట్టాను, చేతులు జోడించాను. తల మాత్రం ఒక్కసారి వెనక్కి తిప్పాను. బావ ఉపదేశం చెవిలో అంతగా నాటుకుపోయింది. మా గోలు వైపు నేల పల్లం. ఆ పల్లంలో బంతి పీటల మీదికి నడిచే పెళ్ళికూతురిలా తలవంచుకుని, మెల్లగా, ఆగి ఆగి గోలు వైపు సాగుతోంది. ఎవరూ ఆట ఆపలేదు, గీత దాటితే గోలు. కర్ర మళ్ళీ ఎత్తితే అపచారం. గోలీ తప్ప ఎవరూ బంతిని కాలితో తాకకూడదు. ఆ క్షణంలో నాకు స్వామి గుర్తుకు రాలేదు. సోమవారం గుర్తుకు వచ్చింది. జోడించిన చేతులు జోడించినట్టే ఉంచి, పక్కకు పక్కకు జరిగి, కుడికాలు చాపి, బంతిని గీత మీద ఆపేశాను. మళ్ళీ రెండడుగులు ఇవతలికి వచ్చి, నా జీవితంలో ఎన్నడూ లేనంత భక్తిగా కళ్ళు మూసుకున్నాను.

హారతి అయింది. వాహనం కదిలింది. జనం ఇటు తిరిగారు. మొదట అరిచింది బావే.

"గోవిందా! గోవిందా! సూడండ్రా, గీత మీద నిలబడిపోయింది! స్వామే ఆపినాడు!"

మైదానమంతా గోవింద నామంతో మారుమోగింది. డ్రిల్లు మాస్టారు కళ్ళొత్తుకుంటూ, జేబులోంచి ఈల తీసి ఆట అయిపోయిందని ఊదేశాడు. మిడత ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. పక్కనే వాళ్ళమ్మ చెంపలు వేసుకుంటూ కనబడింది. ఆమెను చూసి నోరు మూసేశాడు. ఆశ్చర్యపోయాడనుకున్నాను.

సోమవారం నేను ఆఫీసుకు వెళ్ళాను. వచ్చే నెలకల్లా యాక్టింగు అన్న మాట నా పేరు పక్కన పోయింది. బావ ఆ బంతిని ఇంటికి తెచ్చి, పసుపు నీళ్ళతో కడిగి, నామం పెట్టి, దేవుడి గూట్లో ఉంచాడు. అది మొదలు నేను ఎప్పుడు వెళ్ళినా అక్క "ముందు మొక్కుకోరా" అనేది. నేను కాలితో తాకినదానికి నేనే చేతులెత్తి మొక్కుతూ వచ్చాను. అది ఒక్కటే శిక్ష అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. చిత్తూరులో మాత్రం ఆ కుర్రవాడికి స్వామి వద్దన్న మనిషి అని పేరు పడిందట. అతణ్ణి చూసి ఒప్పుకుపోయిన పిల్ల తండ్రి, దేవుడికే గిట్టనివాడికి నా కూతురినెట్లా ఇచ్చేదని వెనక్కి తగ్గాడని విన్నాను. విని కూడా నేను పెదవి విప్పలేదు. అప్పటికి నాకూ సంబంధాలు చూస్తున్నారు మరి.

పోయిన వేసవిలో మామిడికాయల కోసం బంగారుపాళ్యం వెళితే, మండీలో బుట్టల మధ్య ఒక లావుపాటి మనిషి నా వైపే చూస్తున్నాడు.

"ఏమప్పా గోడా!" అన్నాడు.

అతణ్ణి మిడత అనడానికి ఇక వీల్లేదు. టీ తాగుతూ, ఎంతకాలమో మింగిన మాటను కక్కేశాను. ఆపింది స్వామి కాదు, నా కాలు అన్నాను. అతను టీ ఊదుకుంటూ, "అవును, కుడికాలు," అన్నాడు.

"సూసినావా!"

"సూడకుండా యాడ పోతా? కొట్టింది నేను కదబ్బా. నేనూ తల తిప్పినా."

"మరి అప్పుడే చెప్పకపోతివే?"

"యేమని చెప్పేది? మాయమ్మ పక్కనే ఉండె. స్వామి ఎదురుగా వస్తా ఉంటే నేను బంతిని సూస్తా ఉంటినని చెప్పాల్నా? ఇంట్లో కూడు పెడతాదా?" అని పడీపడీ నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. పెళ్ళి మాట ఎత్తాను, నా వల్లే కదా అన్నాను.

"అది నెల దినాల ముచ్చటేలేప్పా, మళ్ళా ఆ పిల్లనే ఇచ్చినారు. మీ బావ పాకాల కాడికి పోయి ఆ పిల్ల నాయన్ని, అదే మా మామను, కలిసినాడు. నామం పెట్టుకోని, పంచె కట్టుకోని తిరుపతి నుంచి వచ్చిన మనిషి చెప్తే కాదంటారా? 'స్వామికి ఈ పిల్లోడి మీద కోపమేం లేదయ్యా. ఆ దినం బంతిని ఆపింది వేరే పనికి' అన్నాడంట. యే పనికో మా మామ అడగలే, ఆయనా చెప్పలే."

ఏ పనికో నాకు తెలుసు. టీ అక్కడే పెట్టేసి లేచాను.

తిరుపతి చేరి, మామిడికాయల బుట్టతో నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. గూట్లో బంతి అలాగే ఉంది. తోలు పగిలింది, నామం మాత్రం ఆ ఉదయమే కొత్తగా పెట్టింది. బావ పీట మీద కూర్చుని చందనం తీస్తున్నాడు.

"బంగారుపాళ్యంలో మిడత కనిపించినాడు బావా."

సాన మీద చెయ్యి ఆగింది. "బాగుండాడా?"

"బాగుండాడు. అన్నీ చెప్పినాడు."

బావ మళ్ళీ చందనం తీయడం మొదలుపెట్టాడు. మెల్లగా, "ఆ కాలు ఎట్లుండాదిరా?" అన్నాడు.

వంటింట్లోంచి అక్క కంగారుగా తొంగి చూసింది. "వాడి కాలికేమైంది?"

"ఏం కాలేదు," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

"అయితే మొక్కుకోరా, నిలబడ్డావేంది," అంది అక్క.

మొక్కుకున్నాను. బావ కూర్చున్నది గూటి కిందనే కాబట్టి, ఎవరికి మొక్కానో అక్కకు తెలిసే వీలు లేదు. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే, కళ్ళు గట్టిగా మూసుకుని, లోకమంతా తనను నమ్మేసిందనుకుంటూ గోలు ముందు నిలబడిన ఆనాటి యాక్టింగు గుమాస్తా కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేయాలనిపించింది. వేస్తే వాడు కళ్ళు తెరుస్తాడేమోనని ఊరుకున్నాను.