కాంతమణి నాచు డబ్బాలు

లాలాగూడలో కాంతమణి వరండా నిండా మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలే. బిర్యానీ పార్సిళ్ళవి కొన్ని, స్వీటు షాపువి కొన్ని. ఒక్కోదాంట్లో తడి నాచు, నాచులో ఓ కొమ్మ ముక్క.

పద్దెనిమిదేళ్ళు ఆమె మోటార్ వైండింగ్ షాపులో రాగితీగ చుట్టింది. ఆ షాపు మూతపడ్డాక ఖాళీగా కూచోవడం చేతగాక మొక్కలు మొదలుపెట్టింది. ఫోన్లో వీడియో చూసి, కొమ్మలకి వేర్లు పట్టించే స్ఫాగ్నమ్ నాచు తెప్పించింది. ఎండుగడ్డిలా ఉన్నదాన్ని నానబెట్టి, నీళ్ళోడుతుండగానే డబ్బాల్లో కుక్కింది. అందులో గుచ్చిన అయిదు కొమ్మలూ వారంలో కుళ్ళిపోయాయి. రెండోసారి గట్టిగా పిండింది. చుక్క రాలకూడదు, చేతికి చల్లగా తగిలితే చాలు. తీగ బిగువు తెలిసిన వేళ్ళకి ఆ తడి ఎంతో ఇట్టే పట్టుబడింది.

పోయిన వానాకాలం ఆమె సంగతి విని తిరుమలగిరి నుంచి రామభద్రరావు ఆటోలో పెద్ద కుండీ వేసుకుని వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, రిటైరైన లెక్చరర్. కుండీలో నిలువెత్తు మాన్‌స్టెరా మొక్క. చీలికలు చీలికలుగా ఉన్న ఆకులన్నీ పసుపెక్కి, మొదలు మెత్తబడి వాసనొస్తోంది.

"రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తూనే ఉన్నానమ్మా" అన్నాడాయన.

"గదే సార్ తక్లీఫ్. వేర్లన్నీ మురిగినయి. కోయాలె."

"కోసేస్తే ఇంకేం మిగులుతుందండీ?"

"నాలుగు ముక్కలు మిగుల్తయి. ఇరవై, ఇరవై అయిదు రోజులల్ల వేర్లొస్తయి."

కత్తిని స్పిరిట్‌తో తుడిచి, ఒక్కో ముక్కకీ ఒక కణుపు ఉండేలా కోసింది. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. కోసిన చోట ఆరనిచ్చి, కణుపులు నాచుకి ఆనేలా డబ్బాల్లో పెట్టింది.

ఎనిమిదో రోజే ఆయన మళ్ళీ దిగాడు. "ఒక్కసారి పైకి తీసి చూద్దామా?"

"ముట్టకుండ్రి సార్! ఇప్పుడు గుంజితే వచ్చే వేరు తెగుతది. పరేషాన్ గాకుండ్రి, నేను చూసుకుంట."

పదిహేనో రోజు ఒక ముక్క నల్లబడింది. కాంతమణే ఫోన్ చేసింది. "ఒకటి పోయింది సార్, తీసి పారేసిన. మూడు మంచిగున్నయి."

ఆయనన్నాడు, "పోయినదాన్ని పోయిందని చెప్పారు చూడండి, ఇక మిగతా మూడింటి మీద నాకు బెంగ లేదు."

ఇరవైమూడో రోజు డబ్బా గోడకి తెల్లటి వేర్లు ఆనుకుని కనిపించాయి. రామభద్రరావు కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అచ్చం సేమియాలా ఉన్నాయే!" అని గట్టిగా నవ్వాడు.

మూడింటినీ ఒకే కుండీలో నాటింది కాంతమణి. నడుమ కర్ర నిలబెట్టి, దానికి తొడిగిన ప్లాస్టిక్ వల గొట్టంలో నాచు దట్టించి, చుట్టూ దారం చకచకా చుట్టింది. "తీగ దీని మీదికే ఎక్కుతది. వేలు పెట్టి చూసి, పొడిగుంటెనే నీళ్ళు పోయుండ్రి" అంది. ఆయన బుద్ధిగా కాగితం మీద రాసుకున్నాడు.

ఆ కుండీని చూసి ఆయన అపార్ట్‌మెంట్‌వాళ్ళు, తమకూ నేర్పమని కబురు పెట్టారు. కాంతమణి పదిమంది ముందు ఎప్పుడూ మాట్లాడింది లేదు. అయినా సరేనని ఓ ఆదివారం వెళ్ళింది. అడిగినవాళ్ళందరికీ జవాబు చెబుతూ రెండు గంటలు నిలబడే ఉంది. పై వారం పక్క అపార్ట్‌మెంట్‌వాళ్ళు పిలిచారు. ఇప్పుడు ఆదివారాలు ఆమె ఇంట్లో దొరకదు. అవసరమున్నవాళ్ళు శనివారమే వచ్చి కుండీలు దించిపోతున్నారు.